ఊరు చెప్పిన చదువు

ఉస్మానియా యూనివర్శిటీ గురించి రాసేవాళ్ళు చాలామంది ఆర్ట్స్ కాలేజీ మెట్ల దగ్గర మొదలుపెట్టి ఆ మెట్ల దగ్గరే ఆగిపోతారు. ఫర్మానా ఏ ఏడు వెలువడింది, ఆ కమానులు ఎవరు గీశారు, ఏ వైస్ ఛాన్సలర్ ఎన్నాళ్ళున్నాడు, ఇదంతా అడిగినవాడికి అడిగినంత దొరుకుతుంది. ఆ మెట్లెక్కిన పిల్లలు రాత్రి ఎక్కడ పడుకున్నారు, ఎవరింట తిన్నారు, క్లాసులో దొరకని పుస్తకం ఏ గల్లీలో దొరికింది, ఏ హోటల్లో ఎవరి మాట విని మనసు మారింది అని అడిగితే మాత్రం సమాధానం దొరకదు.

మాకు ఈ రెండో చరిత్రే కావాలి. దానికి కారణముంది. ఉస్మానియా పేరెత్తితే తెలుగునాట రెండే కథలు వినిపిస్తాయి. ఒకటి, ప్రభువు దయతలచి దేశభాషలో పెద్ద చదువులు చెప్పించిన కథ. రెండోది, తెలుగువాడి నెత్తిన ఉర్దూని రుద్దిన సర్కారు కథ. రెంటిలోనూ ఎంతో కొంత నిజముంది. రెంటిలోనూ మేం లేం. మొదటి కథలో మమ్మల్ని నవాబు వారసుల్ని చేస్తారు, రెండో కథలో రజాకారు వారసుల్ని చేస్తారు. టాంగా తోలినవాడి కొడుకు, దూదేకినవాడి మనవడు, బీడీలు చుట్టిన తల్లి కన్న బిడ్డ ఏ కథలోనూ కనబడరు. నిజాం కట్టిందంతా మా పద్దులో రాసి, ఆ అప్పు ఇప్పటికీ మా దగ్గర వసూలు చేస్తున్నారు. అందుకే యూనివర్శిటీని గుట్ట మీది నుంచి కాకుండా ఊళ్ళోంచి చూద్దామంటున్నాం. ఊరు ఎవరికి ఏమిచ్చింది? ఎవరికి ఇవ్వలేదు? ఎప్పుడు ఇవ్వడం మానేసింది?

1917లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానాతో యూనివర్శిటీకి విత్తనం పడింది. ఆ ఏడే దారుల్ తర్జుమా, అంటే అనువాదశాల, మొదలైంది. మౌల్వీ అబ్దుల్ హక్ దానికి తొలి పెద్ద. జోష్ మలీహాబాదీ లాంటి కవి ఉత్తరాది నుంచి వచ్చి కొన్నేళ్ళు అందులో ఉద్యోగం చేశాడు. భౌతికశాస్త్రం, వైద్యం, చట్టం, చరిత్ర, తత్వం వందల పుస్తకాలుగా ఉర్దూలోకి వచ్చాయి. ఒక్కో శాస్త్ర పదానికి ఉర్దూ మాట కట్టడానికి పండితులు కూర్చుని వాదించుకున్నారు. ఇంగ్లీషు రాకపోతే మనిషికి చదువే రాదనుకునే రోజుల్లో ఈ దేశపు భాష ఒకటి డాక్టర్నీ, ఇంజనీర్నీ తయారు చేయగలదని చూపించారు. అది చిన్న సంగతి కాదు.

1919లో క్లాసులు మొదలైనప్పుడు యూనివర్శిటీకి సొంత ఇల్లు లేదు. గన్‌ఫౌండ్రీ, బషీర్‌బాగ్ ప్రాంతాల్లో తాత్కాలిక భవనాల్లో నడిచింది. అడిక్‌మెట్ దగ్గర ఆర్ట్స్ కాలేజీకి 1934లో పునాది రాయి పడింది. 1939 డిసెంబరులో ఆ భవనం తెరిచారు. అంటే ఉస్మానియా బాల్యమంతా ఊరి నడిబొడ్డునే గడిచింది. క్లాసు వదిలితే ఎదురుగా అబిడ్స్. కాస్త నడిస్తే సుల్తాన్‌బజార్. మూసీ వంతెన దాటితే పత్తర్‌గట్టీ, చార్మినార్. గుట్టకి మారకముందే యూనివర్శిటీ ఊరికి అలవాటుపడింది, ఊరు యూనివర్శిటీకి అలవాటుపడింది.

ఊరు మొదట ఇచ్చింది పుస్తకం. 1891లో పుట్టిన ఆసఫియా కుతుబ్‌ఖానా 1936లో అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఇప్పటి భవనంలోకి వచ్చింది. అరబ్బీ, ఫార్సీ, ఉర్దూ, ఇంగ్లీషు, తెలుగు, మరాఠీ, కన్నడ ఒకే కప్పు కింద ఉండేవి. 1888లో మొదలైన దాయిరతుల్ మఆరిఫ్ పాత అరబ్బీ రాతప్రతులని వెతికి, సరిచూసి, అచ్చువేసి లోకమంతటికీ పంపింది. సుల్తాన్‌బజార్ వైపు 1901లోనే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలిసింది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు దాని వెనక ఉన్నారు. సర్కారు బళ్ళో తెలుగుకి చోటు లేని రోజుల్లో తెలుగు చదవాలనుకున్న కుర్రాడికి ఆ నిలయమే బడి. సి. నారాయణరెడ్డి డిగ్రీ దాకా ఉర్దూ మీడియంలో చదివి తెలుగు కవి ఎలా అయ్యాడని ఆశ్చర్యపోయేవాళ్ళు ఆ నిలయం బల్లల్ని గుర్తుచేసుకోవాలి. క్లాసు ఒక భాష ఇచ్చింది, ఊరు రెండో భాష ఇచ్చింది. రెండూ ఉన్నందుకే ఆయన గజల్‌ని తెలుగులోకి తేగలిగాడు. దాశరథి గాలిబ్‌ని తెలుగు చేయగలిగాడు.

ఊరు రెండోది ఇచ్చింది పడుకునే చోటు. ఇక్కడే కులం, మతం, డబ్బు తమ తమ లెక్కలు బయటపెట్టాయి. 1918లో కొత్వాల్ రాజాబహదూర్ వెంకటరామరెడ్డి పూనికతో రెడ్డి హాస్టల్ వచ్చింది. పల్లెల నుంచి వచ్చిన పిల్లలు అక్కడ తిని, చదివి, రాజకీయం నేర్చుకున్నారు. సురవరం ప్రతాపరెడ్డి కొంతకాలం ఆ హాస్టల్ బాధ్యతలు చూశారు. 1926లో ఆయన మొదలుపెట్టిన గోలకొండ పత్రిక, 354 మంది కవులతో 1934లో తెచ్చిన గోలకొండ కవుల సంచిక ఈ ఊరి తెలుగు తిండి తిని పెరిగినవే. అయితే ఏ హాస్టల్ గడపా తొక్కలేని పిల్లలూ ఉన్నారు. దళిత పిల్లల కోసం 1910లోనే భాగ్యరెడ్డివర్మ ఇసామియా బజార్‌లో విడిగా బడి పెట్టుకోవాల్సి వచ్చింది. ఊరు అందరి తల్లీ అనేవాళ్ళు ఈ సంగతి మరిచిపోకూడదు.

మరి ముస్లిం పిల్లాడో? రాజ్యం మాదే కదా, మాకేం కొదవ అనుకుంటారు. మెదక్ జిల్లా అందోలులో 1908లో పుట్టిన మఖ్దూం మొహియుద్దీన్ జీవితం చూడండి. చిన్నప్పుడే తండ్రి పోయాడు. బాబాయి పెంచాడు. మసీదు ఊడ్చి, నీళ్ళు పట్టి పెరిగిన పిల్లాడు. పట్నం వచ్చాక ట్యూషన్లు చెప్పుకుంటూ, చేతికందిన చిన్నచిన్న పనులు చేసుకుంటూ 1936లో ఉస్మానియాలో ఎమ్మే పూర్తిచేశాడు. రాజ్యం మాది అన్న మాట అతని కడుపు నింపలేదు. ఆదుకున్నది ఊరు. ఊళ్ళో ముషాయిరాలున్నాయి, నాటకాలున్నాయి. కప్పు చాయ్‌తో గంటలు గంటలు కూర్చోనిచ్చే ఇరానీ హోటళ్ళున్నాయి. అబిడ్స్‌లో ఓరియంట్ హోటల్ ఇప్పుడు లేదు గానీ, ఆ బల్లల దగ్గర మఖ్దూం, అతని మిత్రులు మాట్లాడుకున్న మాటలు ఈ ఊరి సాహిత్య చరిత్రలో సగం. ఒక చాయ్‌ని ఇద్దరు, ఒక పేపర్ని నలుగురు పంచుకోవడం ఇరానీ హోటల్ నేర్పిన పాఠం. పేపరు కాగితాలు విడివిడిగా బల్లబల్లకీ తిరుగుతుంటే చదువురానివాడు కూడా పక్కవాడు చదివింది విని వార్త తెలుసుకునేవాడు.

మఖ్దూం 1939లో సిటీ కాలేజీలో లెక్చరర్ అయ్యాడు. ఆ ఉద్యోగం వదిలి కార్మికుల్లోకి వెళ్ళాడు. అతన్ని అటు లాగింది సిలబస్ కాదు. రైల్వే వర్క్‌షాపులు, మిల్లులు, సిగరెట్ ఫ్యాక్టరీ, వాటి చుట్టూ పెరిగిన ముషీరాబాద్, చిలకలగూడ బస్తీలు అతనికి రెండో యూనివర్శిటీ. ఉస్మానియా మెడికల్ కాలేజీలో డాక్టరీ చదివిన రాజ్ బహదూర్ గౌర్‌దీ అదే దారి. 1946లో అఖిల హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ ఏర్పడితే మఖ్దూం అధ్యక్షుడు, గౌర్ ప్రధాన కార్యదర్శి. ఒకరు అందోలు ముస్లిం, ఒకరు పాతబస్తీ కాయస్థ కుటుంబం బిడ్డ. ఇద్దరి మాటా ఉర్దూ. ఇద్దరు పోరాడిందీ ఆ ఉర్దూ మాట్లాడే రాజ్యం మీదే. ఉర్దూ అంటే నిజాం, నిజాం అంటే ముస్లిం అని తేలిగ్గా గీత గీసేవాళ్ళకి ఈ ఇద్దరూ మింగుడుపడరు.

ఇంతా చెప్పి మేం ఒక మాట దాచిపెడితే అది చరిత్ర కాదు, వకాల్తా అవుతుంది. హైదరాబాద్ సంస్థానంలో సగానికి దగ్గరగా ఉన్నవాళ్ళ మాతృభాష తెలుగు. నాలుగో వంతు మరాఠీ. ఆ తర్వాత కన్నడ. ఉర్దూ ఇంటి భాషగా ఉన్నవాళ్ళు నూటికి పది, పన్నెండు మందే. దేశభాషలో చదువు అన్నది గొప్ప ఆలోచనే. కానీ ఏ దేశస్థుడి భాష? తెలుగు శాఖ ఉంది, రాయప్రోలు సుబ్బారావు లాంటి కవి అందులో ఆచార్యుడిగా ఉన్నారు. అయినా తెలుగు ఒక సబ్జెక్టుగా ఉందే తప్ప తెలుగులో లెక్కలు, సైన్సు చదివే దారి లేదు. ఇంగ్లీషు దొరతనం నుంచి ఉర్దూని విడిపించిన యూనివర్శిటీ, ఉర్దూ దొరతనం నుంచి తెలుగునీ మరాఠీనీ కన్నడాన్నీ విడిపించలేదు. 1938లో హాస్టళ్ళలో వందేమాతరం పాడారని వందల మందిని వెళ్ళగొట్టారు. నాగపూర్ యూనివర్శిటీ వాళ్ళని చేర్చుకుంది. ఓరుగల్లు వైపు నుంచి అలా వెళ్ళినవాళ్ళలో పి.వి. నరసింహారావు ఒకరు. సొంత ఊరు ఇవ్వనిది పరాయి ఊరు ఇచ్చింది. ఆ గాయాన్ని తెలుగువాళ్ళు గుర్తుపెట్టుకోవడం న్యాయమే. ఆ గాయం చేసింది మేమని అనడమే అన్యాయం.

ఎందుకంటే ఆ రాజ్యం తనని ఎదిరించిన ముస్లింనీ వదల్లేదు. మందుముల నరసింగరావు తెలుగువాడు, నడిపింది 'రయ్యత్' అనే ఉర్దూ పత్రిక. మానుకోట ప్రాంతంలో పుట్టి ఉస్మానియాలో బి.ఎ. చదివిన షోయబుల్లాఖాన్ ఆ పత్రికలో పనిచేశాడు. అది మూతపడ్డాక 'ఇమ్రోజ్' సొంతంగా పెట్టాడు. సంస్థానం భారతదేశంలో కలవాలని ఉర్దూలో రాశాడు. 1948 ఆగస్టులో ఒక రాత్రి కాచిగూడ దగ్గర రజాకార్లు అతన్ని చంపారు, రాసిన చేతిని నరికారు. యూనివర్శిటీ అతనికి డిగ్రీ ఇచ్చింది. ఏది రాయాలో, ఎందుకు రాయాలో నేర్పింది ఈ ఊరి పత్రికాఫీసులు. ఇవ్వాళ తురకలంతా రజాకార్లే అనేవాడికి షోయబ్ పేరు తెలియదు. తెలిసినా చెప్పడు.

ఆ తర్వాత నెల తిరక్కముందే పోలీస్ యాక్షన్. సెప్టెంబరు 13న సైన్యం కదిలింది, 17కి సంస్థానం లొంగిపోయింది. వెనువెంటనే ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన హత్యాకాండ గురించి సుందర్‌లాల్ కమిటీ నివేదిక రాసింది. చనిపోయినవాళ్ళు 27 వేల నుంచి 40 వేల మధ్య ఉంటారని దాని అంచనా. ఆ నివేదిక దశాబ్దాల పాటు జనం కంట పడలేదు. ఆ జిల్లాలూ ఉస్మానియాకి పిల్లల్ని పంపిన ఇలాకాలే. గుల్బర్గా, ఔరంగాబాద్, వరంగల్ ఇంటర్మీడియెట్ కాలేజీల నుంచి పట్నం రైలెక్కి వచ్చిన కుర్రాళ్ళతోనే ఈ యూనివర్శిటీ నిండేది. 1956లో సంస్థానం మూడు ముక్కలయ్యాక ఆ తోవ కూడా మూతపడింది. మరాఠ్వాడాకి 1958లో, వరంగల్‌కి 1976లో, గుల్బర్గాకి 1980లో ఎవరి యూనివర్శిటీ వాళ్ళకి వచ్చింది. రావలసిందే. కానీ నాలుగు భాషల పిల్లలు ఒకే హాస్టల్లో తినే రోజులు మాత్రం మళ్ళీ రాలేదు.

పోలీస్ యాక్షన్ తర్వాత బోధనా భాష ఇంగ్లీషు అయింది. తెలుగు రాలేదు, గమనించండి. ఉర్దూ పోయింది, ఇంగ్లీషు వచ్చింది. ముప్పై ఏళ్ళు కట్టుకున్న పారిభాషిక పదాలు, అచ్చయిన పాఠ్యపుస్తకాలు ఒక్కసారిగా పాత కాగితాలయ్యాయి. ఉర్దూలో చదివిన పేద పిల్లాడికి గుట్టకి వెళ్ళే మెట్టు విరిగింది. ఆ దెబ్బ నవాబుల పిల్లలకి తగల్లేదు. వాళ్ళు ఇంగ్లీషు బళ్ళలోనే చదివారు. దెబ్బ తిన్నది యాకుత్‌పురా, షాలిబండా, తలాబ్‌కట్టా గల్లీల్లో సర్కారీ ఉర్దూ బడికి వెళ్ళిన పిల్లాడు.

తెలుగు విద్యార్థికీ నష్టం జరిగింది. అతనికి అది నష్టమని చెప్పినవాళ్ళే లేరు. రెండు తరాలు తిరిగేసరికి సగం ఊరు అతనికి చదవరాని ఊరైపోయింది. దుకాణం బోర్డు, సమాధి రాయి, మసీదు గోడ మీది తారీఖు, తాత ఇంట్లో దాచిన భూమి కాగితం అతని కళ్ళకి గీతలుగానే కనబడతాయి. తెలంగాణ పల్లెల్లో పాత రెవెన్యూ దస్తావేజు ఉర్దూలో ఉంటుంది. దాన్ని చదివించుకోవడానికి ఇవ్వాళ రైతు ఏ ముసలి మున్షీ కోసమో వెతుక్కుంటాడు. చరిత్రలో ఎమ్మే చేసిన కొడుకు ఇంట్లోనే ఉంటాడు, అతనికి చదవడం రాదు. మేం రెండు భాషల్లో రాసేవాళ్ళం కాబట్టి ఇలాంటి కాగితాలు మా ముందుకి చాలా వచ్చాయి. తన తాత పేరు మా నోట విని ఆ కొడుకు మొహంలో కదిలింది చూస్తే, ఉర్దూ ఒక్క మా కౌమ్ ఆస్తి కాదని ఎవరికైనా తెలుస్తుంది.

ఊరు ఇవ్వడం పూర్తిగా మానలేదు. 1931లో డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ స్థాపించిన ఇదారె అదబియాతె ఉర్దూ పంజగుట్టలో ఐవానె ఉర్దూగా నిలిచి ఉంది, దక్కనీ రాతప్రతుల్ని కాపాడుతోంది. 1949 ఆగస్టు 15న మొదలైన 'సియాసత్' గందరగోళంలో ఉన్న కౌమ్‌కి రోజూ పొద్దున్నే దిక్కు చెప్పింది. సాలార్‌జంగ్ మ్యూజియం 1951లో తెరిచారు. ఛత్తాబజార్‌లో కాతిబ్‌లు కలం చెక్కుకుని, ఒక్కో అక్షరం చేత్తో రాసి పత్రికలు నడిపారు. మేం పత్రికల్లోకి వచ్చేనాటికి కంప్యూటర్ ఆ పని లాక్కుంది. మిగిలిన కాతిబ్‌లు పెళ్ళి కార్డులకి మళ్ళారు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఇప్పటికీ పరుస్తారు. పైసలు లేని విద్యార్థికి అంతకు మించిన లైబ్రరీ ఈ ఊళ్ళో లేదు.

ఆడపిల్లల సంగతి వేరే చెప్పుకోవాలి. ఇరానీ హోటల్, ముషాయిరా, ఫుట్‌పాత్, మేం ఇప్పటిదాకా పొగిడినవన్నీ మగపిల్లలవే. 1924లో మొదలైన మహిళా కాలేజీ 1949లో కోఠీ రెసిడెన్సీ భవనంలోకి వెళ్ళింది. పరదా కట్టిన బండిలో ఇంటి నుంచి కాలేజీకి, కాలేజీ నుంచి ఇంటికి. మధ్యలో ఉన్న ఊరు వాళ్ళది కాదు. అయినా వాళ్ళు చదివారు, రాశారు, పాఠాలు చెప్పారు. ఊరు వాళ్ళకి ఏమీ ఇవ్వకుండానే వాళ్ళు ఊరికి ఇచ్చారు. ఇవ్వాళ బుర్ఖాలో బస్సెక్కే మా అమ్మాయిని చూసి జాలిపడేవాళ్ళు, ఆమె ఎన్ని బస్సులు మారి క్లాసుకి చేరుతుందో ఒక్కసారి లెక్కపెడితే బాగుండు.

ఇచ్చే చెయ్యి ఒక్కోసారి కొట్టే చెయ్యి కూడా అయింది. 1978 మార్చిలో రమీజాబీ మీద అత్యాచారం, ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ చావు జరిగింది నల్లకుంట పోలీస్ స్టేషన్లో. ఆయన రిక్షా తొక్కేవాడు. నల్లకుంట యూనివర్శిటీ పొరుగు బస్తీ. ఊరు భగ్గుమంది, కాల్పులు జరిగాయి, జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసుల్ని తప్పుపట్టింది. ఆ రోజు వీధిలోకి వచ్చినవాళ్ళు ఒక్క ముస్లింలే కాదు. విద్యార్థులు, మహిళా సంఘాలు, పౌరహక్కుల వాళ్ళు వచ్చారు. మనిషిని మనిషిగా చూడటం ఆ తరానికి నేర్పింది మళ్ళీ ఈ వీధులే. ఆ తర్వాతి ఏళ్ళలో పాతబస్తీ మీద పడ్డ కర్ఫ్యూలు ఆ పాఠాన్ని చెరిపేస్తూ వచ్చాయి. పరీక్ష రోజున కర్ఫ్యూ ఉంటే పోయేది ఎవరి ఏడాది? శాంతిభద్రతల లెక్కల్లో ఆ ఏడాది ఎక్కడా రాయరు.

ఇప్పుడు అద్దె గది సంగతి. యూనివర్శిటీ చుట్టూ బస్తీల్లో 'గది ఇవ్వబడును' అన్న బోర్డు చూసి లోపలికి వెళతాం. గది చూపిస్తారు, అద్దె చెపుతారు. పేరు అడుగుతారు. పేరు చెప్పాక, "అయ్యో, నిన్ననే ఎవరో అడ్వాన్సు ఇచ్చిపోయారు బాబూ" అంటారు. బోర్డు మాత్రం మరో నెల వేలాడుతూనే ఉంటుంది. మాలో ఇది ఎదురవని విద్యార్థి అరుదు. వెనకటికి హాస్టల్ దొరకని పిల్లాడికి మసీదు వరండా ఉండేది. ఇప్పుడు మసీదులో పడుకున్న కుర్రాణ్ణి పోలీసు అనుమానంగా చూస్తాడు. ఊరు ఇచ్చేవాటిలో అన్నిటికన్నా మొదటిది తలదాచుకునే చోటు. అది దొరకనివాడికి లైబ్రరీలు, మ్యూజియంలు ఎన్ని ఉండి ఏం లాభం?

1974లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్శిటీ వచ్చింది. 1998లో మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్శిటీ వచ్చింది. తెగిన ఉర్దూ చదువు యాభై ఏళ్ళకి మళ్ళీ అతుక్కుందని సంతోషించాం. కానీ రెండూ గచ్చిబౌలి వైపు, పాతబస్తీకి ఊరి అవతలి కొసన. ఉర్దూ మాట్లాడే గల్లీ ఒక చోట, ఉర్దూ యూనివర్శిటీ ఒక చోట. 2006లో సచార్ కమిటీ ముస్లింల చదువు ఎంత వెనకబడిందో అంకెలతో చెప్పింది. 2007లో వెనకబడిన ముస్లిం వర్గాలకి 4 శాతం రిజర్వేషన్ చట్టం వచ్చింది, దానితో మా పిల్లలు కొందరు ఇంజనీర్లు, డాక్టర్లు అయ్యారు. సీటు సర్కారు ఇవ్వగలదు. సీటు వచ్చినవాడికి గది, స్నేహం, చాయ్, పుస్తకం, వాదన ఊరే ఇవ్వాలి.

అందుకని మేం అడిగేవి పెద్ద కోరికలేం కావు. తెలంగాణ చరిత్ర చదివే విద్యార్థికి ఒక్క ఏడాదైనా ఉర్దూ లిపి నేర్పండి. ఉర్దూ మీడియం పిల్లాడికి పరీక్ష గట్టెక్కే తెలుగు కాకుండా, పత్రిక చదివి కవిత్వం విని నవ్వగలిగే తెలుగు నేర్పండి. అఫ్జల్‌గంజ్ లైబ్రరీకి, ఐవానె ఉర్దూకి, భాషా నిలయానికి విద్యార్థుల్ని జంటలుగా పంపండి, ఒక తెలుగు పిల్లాడు, ఒక ఉర్దూ పిల్లాడు. పాత దస్తావేజుని ఒకడు చదివితే ఒకడు రాస్తాడు. గది అద్దెకిచ్చేవాళ్ళు పేరు అడగటానికి ముందు అద్దె అడగండి. మా కౌమ్ పెద్దలకీ ఒక మాట. షాదీఖానాల మీద పెట్టే శ్రద్ధలో సగం పెట్టి, జిల్లాల నుంచి వచ్చే పేద పిల్లలకి కులం, మతం చూడని ఒక హాస్టల్ కట్టండి.

ఫలక్‌నుమా నుంచి సికింద్రాబాద్ వెళ్ళే లోకల్ రైలు ఒకటుంది. ఉప్పుగూడ, యాకుత్‌పురా, డబీర్‌పురా, మలక్‌పేట, కాచిగూడ, విద్యానగర్ దాటాక జామియా ఉస్మానియా, ఆర్ట్స్ కాలేజీ స్టేషన్లు వస్తాయి. టికెట్ చవక, ప్రయాణం గంట లోపే. పట్టాలు ఎప్పుడో వేశారు, బండి రోజూ ఆగుతోంది. పాతబస్తీలో ఎక్కిన పిల్లల్లో ఆ రెండు స్టేషన్లలో దిగేవాళ్ళు ఎందుకు తక్కువో ఊరూ యూనివర్శిటీ కలిసి జవాబు చెప్పాలి.